ల్యాప్‌టాప్‌కి ఒకే ఐఎస్ఓ సరిపోతుంటే ఫోన్‌కి మోడల్‌కో రోమ్ ఎందుకు?

పాతడబ్బా64 (#1)
ఈ సంగతి ఎంతకీ మింగుడుపడట్లేదు. ఏడో తరం ఐ5 (7200యూ), 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. ఏ లినక్స్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టినా బూట్ అవుతుంది. తెర, కీబోర్డు, టచ్‌ప్యాడ్, సౌండ్ అన్నీ పనిచేస్తాయి. విండోస్ 11 ఒక్కటే ప్రాసెసర్ పనికిరాదంటోంది. ఇక ఫోన్: ఎనిమిది కోర్లు, 6 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 11 దగ్గరే ఆగిపోయింది. అదే చిప్ ఉన్న వేరే ఫోన్ రోమ్ (ఫోన్‌లో ఎక్కించే ఓఎస్ ఇమేజ్) దీనికి ఎక్కించకూడదంటున్నారు. కంప్యూటర్లన్నిటికీ ఒక్క ఐఎస్ఓ సరిపోతుంటే ఫోన్‌కి మోడల్‌కో రోమ్ ఏంటి? నిజంగా టెక్నికల్ కారణం ఉందా, కొత్త ఫోన్ అంటగట్టడానికి ఆడే నాటకమా?

బూట్‌లోడర్_బాబ్జీ (#2)
నాటకమే. బీరువా మనది, తాళంచెవి వాళ్ళది. ఇందులో టెక్నికల్ ఏముంది?

ఐస్క్వేర్_సీత (#3)
బాబ్జీ చెప్పింది సగమే. తాళం (బూట్‌లోడర్ లాక్) తీసినా మోడల్‌కో రోమ్ కావాల్సిందే. అసలు చిక్కు హార్డ్‌వేర్ తానెవరో చెప్పగలదా లేదా అన్న దగ్గర ఉంది.

పీసీలో పీసీఐ, యూఎస్‌బీ బస్‌ల మీద ఉన్న ప్రతి పరికరమూ రెండు నంబర్లు చెబుతుంది. తయారుచేసింది ఎవరు (వెండర్ ఐడీ), ఇది ఏ పరికరం (డివైస్ ఐడీ). 8086 అంటే ఇంటెల్, 1002 అంటే ఏఎండీ, 10డీఈ అంటే ఎన్విడియా. కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) లేస్తూనే బస్ మొత్తం గాలించి, ఆ నంబర్లకి సరిపడే డ్రైవర్‌ని తగిలిస్తుంది. అందుకే మీ ఐఎస్ఓకి ముందుగా మీ ల్యాప్‌టాప్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు.

ఫోన్‌లో టచ్ ప్యానెల్, చార్జింగ్ ఐసీ, ఆడియో కోడెక్, రకరకాల సెన్సార్లు ఎక్కువగా ఐ2సీ, ఎస్‌పీఐ తీగల మీద ఉంటాయి. ఐ2సీలో "నువ్వెవరు" అని అడిగే పద్ధతే లేదు. 0ఎక్స్38 అడ్రస్ నుంచి జవాబు వచ్చిందంటే అది టచ్ కంట్రోలరో, తేమ కొలిచే సెన్సారో కెర్నల్‌కి తెలియదు. దాని రీసెట్ పిన్ ఏ జీపీఐఓకి (చిప్ మీది మామూలు పిన్) కలిపారు, ఇంటరప్ట్ ఎటు వస్తుంది, కరెంటు ఏ రెగ్యులేటర్ నుంచి, ఎన్ని వోల్టులు... ఇదంతా ముందే రాసి ఇవ్వాలి. ఆ రాతనే డివైస్ ట్రీ అంటారు. చిప్ ఒకటే అయినా బోర్డు మారితే రాత మారుతుంది. పక్క మోడల్‌ది వేస్తే మంచి రోజైతే తెర నల్లగా ఉంటుంది, చెడ్డ రోజైతే వోల్టేజీ తేడా వచ్చి పార్టు పోతుంది.

సందేహాల_సుబ్బు (#4)
ఆగండాగండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కూడా ఐ2సీయే కదా? డివైస్ మేనేజర్‌లో "ఐ2సీ హెచ్ఐడీ డివైస్" అని స్పష్టంగా కనబడుతుంది. మరి అది ఏ లినక్స్‌లోనైనా ఎలా పనిచేస్తోంది?

ఐస్క్వేర్_సీత (#5)
సరైన చోటే పట్టుకున్నారు. పీసీలోనూ ఆ రాత ఉంటుంది, కాకపోతే అది ఓఎస్‌లో కాదు, బోర్డు మీదున్న ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. దాని పేరు ఏసీపీఐ. "ఈ ఐ2సీ అడ్రస్‌లో పీఎన్‌పీ0సీ50 రకం పరికరం ఉంది, దాని ఇంటరప్ట్ ఇది" అని బయాసే ఓఎస్‌కి అప్పజెబుతుంది. ఆ పీఎన్‌పీ0సీ50 అంటే ఐ2సీ మీద నడిచే హెచ్ఐడీ (కీబోర్డు, మౌస్ లాంటి ఇన్‌పుట్ పరికరం) అని అందరూ ఒప్పుకున్న ప్రమాణం. కాబట్టి విండోస్‌కీ లినక్స్‌కీ ఒకే జనరిక్ డ్రైవర్ చాలు. ఫోన్‌లో ఆ రాత సాధారణంగా రోమ్‌తో పాటే, బూట్ ఇమేజ్‌లోనో డీటీబీఓ అనే డివైస్ ట్రీ పార్టిషన్‌లోనో వస్తుంది.

నీలితెర (#6)
అంటే పీసీ జాతకం పీసీలోనే ఉంటుంది, ఫోన్ జాతకం కంపెనీ వాడి జేబులో ఉంటుంది.

కెర్నల్_కనకం (#7)
సీత గారు చెప్పినదానికి రెండు సవరణలు.

ఒకటి, ఫోన్లలో పీసీఐఈ లేదనుకోవద్దు. చాలా హైఎండ్ ఫోన్లలో వైఫై చిప్ పీసీఐఈ మీదే ఉంటుంది. అయితే దానికి ముందు పీసీఐఈ కంట్రోలర్‌నే డివైస్ ట్రీ లేపాలి, కాబట్టి కథ మళ్ళీ మొదటికే.

రెండు, ఇది ఫోన్ జబ్బు, ల్యాప్‌టాప్‌కి రాదు అనుకుంటే పొరపాటు. 2024లో వచ్చిన స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు చూడండి. విండోస్ వాటిలో యూఈఎఫ్ఐ (కొత్త తరం బయాస్), ఏసీపీఐలతోనే బూట్ అవుతుంది. కానీ ఆ ఏసీపీఐ టేబుళ్ళలో క్లాక్‌లు, రెగ్యులేటర్ల వివరం లినక్స్‌కి సరిపడా ఉండదు, ఆ పని విండోస్ డ్రైవర్లే లోపల చూసుకుంటాయి. అందుకని లినక్స్ వాటి మీద డివైస్ ట్రీతోనే నడుస్తుంది, మోడల్‌కో డీటీబీ (కంపైలైన డివైస్ ట్రీ) ఫైల్ కావాలి. ఆర్మ్ ల్యాప్‌టాప్ కొని లినక్స్ వేద్దామనుకునేవాళ్ళు ముందు కెర్నల్ సోర్స్‌లో తమ మోడల్ డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఉందో లేదో వెతకాలి. స్పీకర్లు, వెబ్‌క్యామ్, స్లీప్ అన్నిటికంటే ఆలస్యంగా పనిచేయడం మొదలవుతాయి.

బూట్‌లోడర్_బాబ్జీ (#8)
సరే, రాత వేరు. ఆ రాత బయటపెట్టకపోవడం నాటకం కాదా? లినక్స్ లైసెన్స్ జీపీఎల్ ప్రకారం కెర్నల్ సోర్స్ ఇవ్వాలి. ఇస్తారు, ఎప్పుడో, సగం కంపైల్ కాకుండా. కెమెరా, జీపీయూ, మోడెమ్ బ్లాబ్‌ల (సోర్స్ లేని డ్రైవర్ ఫైళ్ళ) సోర్స్ అసలే ఇవ్వరు.

కెర్నల్_కనకం (#9)
బ్లాబ్‌ల సంగతి ఒప్పుకుంటాను. పాత ఫోన్లు ఆగిపోవడానికి అసలు కారణం అదే. చిప్ తయారుచేసినవాడు తన డ్రైవర్లని ఒక కెర్నల్ వెర్షన్‌కి, ఒక ఆండ్రాయిడ్ ఇంటర్‌ఫేస్‌కి కట్టి ఇస్తాడు. కొత్త ఆండ్రాయిడ్‌కి మళ్ళీ కట్టి ఇవ్వకపోతే ఫోన్ కంపెనీ చేయగలిగింది తక్కువ. ఇందులో కుట్ర కంటే ఖర్చు తప్పించుకోవడం ఎక్కువ.

ట్రెబుల్_తాత (#10)
2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ వచ్చింది కదా నాయనా, ఇంకా మోడల్‌కో రోమ్ అంటారేంటి? చిప్ డ్రైవర్లుండే వెండర్ పార్టిషన్ వేరు, ఆండ్రాయిడ్ ఉండే సిస్టమ్ వేరు. జీఎస్ఐ అని ఒకే సిస్టమ్ ఇమేజ్, ఏ ట్రెబుల్ ఫోన్‌లోనైనా ఎక్కుతుంది. #1 వారి ఫోన్ ఆండ్రాయిడ్ 11 అంటున్నారు కాబట్టి ట్రెబుల్ దాదాపు ఖాయం.

క్రమం ఇది:
బూట్‌లోడర్ అన్‌లాక్ (డేటా అంతా పోతుంది, ముందే బ్యాకప్). తర్వాత ట్రెబుల్ ఇన్ఫో లాంటి యాప్‌తో ఏ రకం ఇమేజ్ కావాలో చూడటం, ఎక్కువ ఫోన్లకి ఆర్మ్64 ఏబీ. ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఫ్లాష్ చేసే మోడ్) వీబీమెటా (సిస్టమ్ మారిందా అని తనిఖీకి వాడే) ఇమేజ్‌ని వెరిటీ, వెరిఫికేషన్ రెండూ డిసేబుల్ చేసే ఆప్షన్లతో ఫ్లాష్ చేయాలి. ఇది మరిచిపోతే లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఆ తర్వాత "ఫాస్ట్‌బూట్ రీబూట్ ఫాస్ట్‌బూట్" కొట్టి ఫాస్ట్‌బూట్‌డీలోకి వెళ్ళాలి, ఎందుకంటే ఆండ్రాయిడ్ 10, ఆపైతో పుట్టిన ఫోన్లలో సిస్టమ్ అనేది సూపర్ పార్టిషన్ లోపలి లాజికల్ పార్టిషన్, మామూలు బూట్‌లోడర్‌కి అది కనబడదు. అక్కడ సిస్టమ్ ఫ్లాష్. చివర డేటా వైప్.

"పార్టిషన్ రీసైజ్‌కి చోటు లేదు" అని ఎర్రర్ వస్తే ప్రోడక్ట్ లాజికల్ పార్టిషన్‌ని (స్లాట్ ఏ అయితే ప్రోడక్ట్ అండర్‌స్కోర్ ఏ) డిలీట్ చేసి మళ్ళీ ఫ్లాష్ చేయండి.

బూట్‌లోడర్_బాబ్జీ (#11)
తాతా, "ఎక్కుతుంది" వరకే నిజం. ఎక్కాక ఏవి పనిచేయవో కూడా చెప్పు.

ట్రెబుల్_తాత (#12)
చెబుతా. వోల్టీ (4జీ మీద వాయిస్ కాల్) ముందు పోతుంది, ఎందుకంటే దాన్ని నడిపే ఐఎంఎస్ భాగం చాలా కంపెనీల్లో సిస్టమ్ వైపు ఉండిపోయింది. డిస్‌ప్లే కింది ఫింగర్‌ప్రింట్, ఆటో బ్రైట్‌నెస్, అదనపు కెమెరా లెన్సులు, కొన్నింటిలో బ్లూటూత్ ఆడియో. ట్రెబుల్ ప్రమాణంలో ఉన్నవి నడుస్తాయి, కంపెనీ సొంతంగా పెట్టుకున్నవి నడవవు.

సందేహాల_సుబ్బు (#13)
4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో వోల్టీ లేకపోతే కాల్సే రావు కదా?

ట్రెబుల్_తాత (#14)
రావు. అందుకే డెవలపర్ ఆప్షన్స్‌లో డీఎస్‌యూ లోడర్ ఉంటే ముందు దాంతో చూడమంటాను. పాత సిస్టమ్ చెరిపేయకుండా జీఎస్ఐని పక్కన పెట్టి బూట్ చేస్తుంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ పాతదే. చాలా ఫోన్లలో దీనికీ బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉండాలి.

బ్యాంక్‌యాప్_బాధితుడు (#15)
అన్‌లాక్ అనేముందు ఒక హెచ్చరిక. అన్‌లాక్ చేసిన ఫోన్ గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ తనిఖీలో పై స్థాయిలు దాటదు, దాన్ని చూసే బ్యాంకు, పేమెంట్ యాప్‌లు మొరాయిస్తాయి. కొన్ని మోడళ్ళలో వైడ్‌వైన్ (వీడియో కాపీ రక్షణ) ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతుంది, ఓటీటీలో హెచ్‌డీ రాదు. రోజూ చెల్లింపులు చేసే ఫోన్ మీద ఈ ప్రయోగాలు వద్దు.

నీలితెర (#16)
కొత్త ఆండ్రాయిడ్ ఉంటుంది, కాల్ రాదు, డబ్బు పోదు. ప్రశాంతమైన జీవితం.

స్క్రీన్_మార్చినోడు (#17)
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఒకే మోడల్‌లో కంపెనీ రెండు మూడు రకాల టచ్ ప్యానెళ్ళు వాడుతుంది, ఏది ఉందో బూట్‌లోడర్ కనుక్కుని కెర్నల్‌కి చెబుతుంది. రిపేరులో వేరే రకం డిస్‌ప్లే వేయించిన ఫోన్‌లో కంపెనీ రోమ్ బాగా నడిచి, కస్టమ్ రోమ్‌లో బొమ్మ వచ్చి టచ్ రాకపోవచ్చు. అప్పుడు రోమ్ చేసినవాళ్ళని తిట్టి లాభం లేదు. ఓటీజీ కేబుల్‌తో యూఎస్‌బీ మౌస్ పెడితే కనీసం బయటపడే దారి దొరుకుతుంది.

ఇంకోటి: ఫ్లాష్ చేసేముందు అట్టపెట్టె మీది పేరు కాదు, కోడ్‌నేమ్ చూడండి. ఒకే పేరుతో ఒక దేశంలో స్నాప్‌డ్రాగన్, ఇంకో దేశంలో ఎక్సినోస్ అమ్మిన గెలాక్సీలు ఎన్నో ఉన్నాయి. యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌ని అడ్డుకునే ఏర్పాటు) ఉన్న ఫోన్‌లో పాత ఫర్మ్‌వేర్ వేస్తే ఇక లేవకపోవచ్చు.

పాతడబ్బా64 (#18)
ఫోన్ సంగతి అర్థమైంది, దాన్ని కదపను. ల్యాప్‌టాప్ మాట చెప్పండి. జాతకం బోర్డు మీదే ఉంటే విండోస్ 11 ఎందుకు వద్దంటోంది? విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

రూఫస్_రాజు (#19)
అక్కడ హార్డ్‌వేర్ చేతకాక కాదు, గీత గీశారు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో దాదాపుగా రైజెన్ 2000 నుంచి, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సైన్ చేసిన ఓఎస్‌నే లేవనిచ్చేది), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్. మీ 7200యూ ల్యాప్‌టాప్‌లో బయాస్‌లో ఇంటెల్ పీటీటీ (ప్రాసెసర్ వైపే ఉండే టీపీఎం) ఆన్ చేస్తే టీపీఎం 2.0 దొరికే అవకాశం ఎక్కువ. అడ్డం ప్రాసెసర్ జాబితా ఒక్కటే. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు ఆ తనిఖీలు తీసేసే టిక్ వస్తుంది, పెట్టుకోండి, ఎక్కుతుంది.

కెర్నల్_కనకం (#20)
ఎక్కుతుంది, కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు, ప్రతిసారీ ఐఎస్ఓతో చేత్తో ఎక్కించుకోవాలి. అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. నిజంగా దాటలేని గోడ ఒకటుంది: విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌సీఎన్‌టీ, ఎస్ఎస్ఈ4.2 ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలి. అవి లేని కోర్ 2 డుయోలో ఏ టిక్ పెట్టినా బూట్ కాదు. 7200యూకి ఆ బెడద లేదు.

పెంగ్విన్_పార్వతి (#21)
లినక్స్ అన్నీ పనిచేస్తున్నాయని #1లోనే రాశారు. ఇంకా ఈ తంటాలు ఎందుకండీ? దాన్నే ఉంచేయండి.

రూఫస్_రాజు (#22)
అమ్మా, ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంటే ఏం చేస్తారు? అందరి అవసరం ఒకటి కాదు.

పెంగ్విన్_పార్వతి (#23)
అందుకే డ్యూయల్ బూట్ ఉంది. అయితే అందులో దెబ్బతినే చోట్లు చెబుతాను.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. ఆపకపోతే షట్‌డౌన్ చేశామనుకున్నది నిజానికి సగం హైబర్నేట్, లినక్స్ ఆ ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ని చదవడానికే ఇస్తుంది, రాయనివ్వదు.

పదకొండో తరం, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బయాస్‌లో వీఎండీ (డిస్క్‌ని ఇంటెల్ కంట్రోలర్ చాటున పెట్టేది) ఆన్ చేసి పంపుతారు. విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడదు, ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ని ఇన్‌స్టాలర్ ఫైల్‌లోంచి విప్పి పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" నొక్కాలి. విండోస్ ముందే ఉన్న మెషీన్‌లో వీఎండీని నేరుగా ఆపేస్తే "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలితెర (సభ్యులు కాదు, నిజం తెర). సరైన క్రమం: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) రికవరీ కీ వేరేచోట దాచుకోండి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్, బయాస్‌లో వీఎండీ ఆఫ్, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనివ్వండి, టిక్ తీసి మళ్ళీ రీస్టార్ట్. సేఫ్ మోడ్‌లో విండోస్ మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్‌ని పట్టుకుంటుంది, అదే కిటుకు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి బయటి కెర్నల్ మాడ్యూల్ (ఎన్విడియా, బ్రాడ్‌కామ్ డబ్ల్యుఎల్) వేస్తే, రీస్టార్ట్‌లో నీలం రంగు మోక్ (సొంత కీ నమోదు) మేనేజర్ తెర వస్తుంది. అక్కడ "ఎన్‌రోల్ మోక్" ఎంచి ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది "కంటిన్యూ బూట్" నొక్కేసి డ్రైవర్ రాలేదంటారు.

నీలితెర (#24)
నా పేరు వాడినందుకు రాయల్టీ ఇవ్వాలి.

ఆపిల్_అప్పారావు (#25)
ఈ గోలంతా మాక్‌లో లేదు. హార్డ్‌వేర్ వాళ్ళదే, ఓఎస్ వాళ్ళదే.

కెర్నల్_కనకం (#26)
గోల లేదు, గడువు ఉంది. ఇంటెల్ మాక్‌లకి మాక్ఓఎస్ 26 ఆఖరిది. టీ2 అనే ఆపిల్ భద్రతా చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌బుక్‌లో లినక్స్ వేస్తే మామూలు కెర్నల్‌కి సొంత కీబోర్డు, టచ్‌ప్యాడే కనబడవు, అవి టీ2 చాటున ఉంటాయి. టీ2 ప్యాచ్‌లున్న కెర్నల్ కావాలి, ఇన్‌స్టాల్ అయ్యేదాకా యూఎస్‌బీ కీబోర్డు దగ్గర పెట్టుకోవాలి. ఆపిల్ సొంత చిప్‌లు ఎం1, ఎం2లకి అసాహి లినక్స్ ఉంది. ఐఫోన్‌లో అయితే ఆపిల్ ఆ సమయానికి సైన్ చేస్తున్న వెర్షన్ తప్ప ఇంకోటి ఎక్కదు, వెనక్కి వెళ్ళడమూ లేదు.

ఆపిల్_అప్పారావు (#27)
వెనక్కి ఎందుకు వెళ్ళాలి చెప్పండి.

నీలితెర (#28)
బ్యాటరీని అడగండి, అది చెబుతుంది.

సందేహాల_సుబ్బు (#29)
బయట తగిలించేవాటి గురించి ఒక ముక్క. ప్రింటర్, యూఎస్‌బీ లాన్, వెబ్‌క్యామ్, సీ పోర్టు నుంచి టీవీకి... ఏది ఏ ఓఎస్‌లో పనిచేస్తుందో కొనేముందు ఎలా తెలుసుకోవాలి?

ఐస్క్వేర్_సీత (#30)
పరికరం "క్లాస్ కంప్లయింట్" (అందరూ ఒప్పుకున్న ప్రమాణం పాటించేది) అయితే నిశ్చింత. వెబ్‌క్యామ్ అయితే యూవీసీ, సౌండ్ కార్డు అయితే యూఏసీ, కీబోర్డు మౌస్‌లకి హెచ్ఐడీ. వీటికి కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు, డెస్క్‌టాప్ ఓఎస్‌లన్నిటిలో ఉంటాయి. ఐప్యాడ్ కూడా ఐప్యాడ్ఓఎస్ 17 నుంచి యూవీసీ వెబ్‌క్యామ్ తీసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ కంపెనీ కెర్నల్ కట్టేటప్పుడు ఆ డ్రైవర్ టిక్ పెట్టిందా లేదా అన్నదాని మీద ఉంటుంది. యూఎస్‌బీ లాన్‌లో రియల్‌టెక్ 8153 చిప్ ఉన్నది చూసుకుంటే ఎక్కువచోట్ల పని జరుగుతుంది.

ప్రింటర్‌కి ఎయిర్‌ప్రింట్ లేదా మోప్రియా గుర్తు చూడండి. ఆ గుర్తుంటే ఐపీపీ (ప్రింటింగ్ ప్రమాణం) మీద డ్రైవర్ లేకుండా నడుస్తుంది, లినక్స్‌లో కూడా. అది లేని పాత ప్రింటర్లు విండోస్ ఆన్ ఆర్మ్‌లో మొండికేస్తాయి. ఆ విండోస్ యాప్‌లనైతే ఎక్స్64 (ఇంటెల్, ఏఎండీ రకం) నుంచి ఎమ్యులేట్ చేస్తుంది గానీ కెర్నల్ డ్రైవర్లని చేయదు, ఆర్మ్64కి కట్టినవే కావాలి. పాత వీపీఎన్, కొన్ని గేముల యాంటీచీట్ కూడా అందుకే పడిపోతాయి.

సీ పోర్టు ఆకారం చూసి మోసపోవద్దు. టీవీకి బొమ్మ వెళ్ళాలంటే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. యూఎస్‌బీ 2.0 వేగంతో ఆగిపోయే సీ పోర్టు ఫోన్లలో సాధారణంగా అది ఉండదు. ఐఫోన్ 15 వేగం 480 ఎంబీపీఎస్ అయినా బొమ్మ బయటికి ఇస్తుంది, కాబట్టి ఈ లెక్కకీ మినహాయింపులున్నాయి. స్పెసిఫికేషన్ పేజీలో ఆ మాట రాసి ఉందా అన్నదే గీటురాయి.

పాతడబ్బా64 (#31)
పార్వతి గారి మాట విని లినక్స్‌నే ఉంచుతున్నా. ఒక్క లోటు: వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతోంది, కార్డే అంత. మారిస్తే ఏది వేయాలి? ఇంటెల్ ఏఎక్స్201 ఒకటి చేతిలో ఉంది.

పెంగ్విన్_పార్వతి (#32)
ఏఎక్స్201 వద్దు. స్లాట్‌లో కూర్చుంటుంది గానీ కనబడదు. అది సీఎన్‌వీఐఓ2 రకం, వైఫై సగం భాగం ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌లో ఉండాలి. పదో తరానికి ముందు ఇంటెల్‌లోనూ, ఏఎండీలోనూ అది బొమ్మే. మీకు పూర్తి పీసీఐఈ కార్డు కావాలి: ఏఎక్స్200 (కెర్నల్ 5.1 నుంచి) లేదా ఏఎక్స్210 (5.10 నుంచి). బ్లూటూత్ భాగం యూఎస్‌బీ మీద నడుస్తుంది, కాబట్టి స్లాట్‌లో ఆ పిన్‌లు కలిపి ఉన్నాయో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

రూఫస్_రాజు (#33)
ముందు బయాస్ వైట్‌లిస్ట్ ఉందేమో కనుక్కోండి. కొన్ని బ్రాండ్ల పాత ల్యాప్‌టాప్‌లు తమ జాబితాలో లేని కార్డు పెడితే బూటే ఆపేస్తాయి.

పెంగ్విన్_పార్వతి (#34)
నిజమే. ఇంకా, కార్డు ఎం.2 2230 సైజే అయ్యుండాలి. మీది పాత మినీ పీసీఐఈ స్లాట్ అయితే ఎం.2 కార్డు నేరుగా కూర్చోదు, అడాప్టర్ కావాలి; పైగా యాంటెన్నా కొనలు పెద్దవి, కొత్త కార్డు ఎంహెచ్ఎఫ్4 కొనలకి సరిపోవు, మార్పిడి తీగలు కావాలి. కవర్ విప్పేముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. యాంటెన్నా కొనని తీగ పట్టి లాగొద్దు, కింద సన్నటి ప్లాస్టిక్ పుల్ల పెట్టి నిలువుగా ఎత్తండి. పెట్టేటప్పుడు నిటారుగా ఉంచి బొటనవేలితో నొక్కితే టిక్ మంటుంది. అనకపోతే వంకరగా ఉన్నట్టు, బలవంతం చేస్తే మధ్య పిన్ నలుగుతుంది.

పాతడబ్బా64 (#35)
విప్పి చూశా, ఎం.2నే, 2230. మాన్యువల్‌లో వైట్‌లిస్ట్ మాట లేదు. ఏఎక్స్210 ఆర్డర్ పెట్టా.

పెంగ్విన్_పార్వతి (#36)
వచ్చాక ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా కొత్తదై ఉండాలి, పాత డిస్ట్రో అయితే కెర్నల్ ఉన్నా ఫైల్ లేక వైఫై లేవదు. కార్డు మార్చకముందే, పాత వైఫై ఉండగానే అప్‌డేట్ చేసి పెట్టుకోండి.